కండక్టర్ సీటులో నిద్ర

మా డిపోలో కళావతక్కను ఎరగనివాళ్ళు లేరు. ఆమె "హోల్డాన్" అని ఒక్క కేక వేస్తే మదీనా చౌరస్తాలో ఆటోలు కూడా ఆగిపోతాయి. ఆమె కండక్టరు, నేను డ్రైవరు. మెహిదీపట్నం నుంచి గుడిమల్కాపూర్ మీదుగా చార్మినార్ దాకా ఏళ్ళ తరబడి ఒకే బస్సు మీద తిరుగుతున్నాం. నా పేరు నగేష్. హారన్ మీద నుంచి చెయ్యి తీయని డ్రైవర్‌గా నాకూ కొంత పేరుంది, అది వేరే సంగతి.

బస్సెక్కే ముందు ఆమెకు ఇంకో డ్యూటీ ఉంది. కార్వాన్‌లో ఒక బడి వెనక మైదానంలో తెల్లవారగానే ఆడపిల్లలకు కబడ్డీ నేర్పుతుంది. పూలమ్మేవాళ్ళ పిల్లలు, లాడ్ బజార్‌లో గాజులకు రాళ్ళు అతికేవాళ్ళ పిల్లలు, మునిసిపాలిటీలో ఊడ్చేవాళ్ళ పిల్లలు. జీతం గీతం ఏమీ లేదు. పైగా తన చేతి డబ్బుతోనే గుడ్లు, అరటిపళ్ళు పెడుతుంది.

మిగతా కోచ్‌లు గీత పక్కన నిలబడి కళ్ళింత చేసుకుని చూస్తారు. ఈమె మైదానానికి వీపు పెట్టి, మెట్టు మీద కూచుని చాయ్ తాగుతుంది. మొదటిసారి చూసినప్పుడు నాకు నవ్వాగలేదు.

"ఇదేం కోచింగ్ అక్కా? ఆట అటుంటే నువ్విటు కూసున్నవు. అలిగినవా ఏంది?"

"కూత ఇంటున్ననే. నువ్వు జర లొల్లి బంద్ చెయ్యి" అంది.

కబడ్డీలో అవతలి కోర్టులోకి వెళ్ళిన పిల్ల ఊపిరి తీయకుండా కూత పెడుతూనే ఉండాలి కదా. ఆమె చెప్పేదేమిటంటే కాళ్ళు మోసం చేస్తాయి. పట్టుదల ఉన్న పిల్ల ఒళ్ళు కాలిపోతున్నా ఎగిరి దూకుతుంది, చూసేవాళ్ళు చప్పట్లు కొడతారు. కూత మాత్రం దాచిపెట్టడం ఎవరి తరమూ కాదు. ఒంట్లో అలసట పేరుకున్న పిల్లకు కూత కడుపులో నుంచి రాదు, గొంతులో నుంచి వస్తుంది. అది వినపడగానే ఆ పిల్లను పక్కకు పిలుస్తుంది. నిద్ర పట్టిందా, బువ్వ సయిస్తుందా, పొద్దున లేవగానే నాడి పట్టుకుని చూసుకున్నావా, నెలనెలా బయట ఉంటున్నావా అని అన్నీ అడుగుతుంది. చివరి ప్రశ్న మగ కోచ్‌లు చచ్చినా అడగరు. నేను పక్కనుంటే నన్ను చాయ్ తెమ్మని పంపించి మరీ అడుగుతుంది.

ఈ పద్ధతి ఆమెకు ఊరికే రాలేదు. చదువుకునే రోజుల్లో ఆమె కూతకు వెళ్తే పట్టేవాళ్ళు లేరట. జాతీయ పోటీల ముందు కాలు నొప్పి అంటే కోచ్ "కామ్‌చోర్" అని, పనిదొంగవని తిట్టి ఇంకో నాలుగు చుట్లు పరుగెత్తించాడు. పిక్క ఎముక చీలింది. పోటీలు ఆమె లేకుండానే జరిగాయి. ఆ తర్వాత ఆస్పత్రిలో ఒక డాక్టరమ్మ కూచోబెట్టి, ఒంటికి విశ్రాంతి ఇవ్వకుండా ఆడితే ఆట పెరగదు, ఒళ్ళే తరుగుతుంది అని వివరంగా చెప్పింది. కళావతక్క ఆ మాటలు పట్టుకుంది. ఇప్పటికీ తనకు తెలియని చోట పిల్లలను ఆ డాక్టరమ్మ దగ్గరికే తీసుకెళ్తుంది.

ఆమె పిల్లల్లో ఆశ్రిత అందరికంటే చురుకు. గుడిమల్కాపూర్ మార్కెట్‌లో పూలమ్మే బాలమ్మ కూతురు. పోయినేడు దసరా దాటాక రాష్ట్ర జూనియర్ జట్టుకు ఎంపికలున్నాయి. ఆ ఏడు తప్పితే పిల్లకు జూనియర్ వయసు దాటిపోతుంది. మా డిపోలో ఆశ్రిత పేరు చెప్పి నేను అందరి దగ్గరా మీసం తిప్పుతున్న రోజులవి.

సరిగ్గా అప్పుడే ఆట పడిపోయింది. మూలన ఆడే కొత్త పిల్లలకు కూడా దొరికిపోతోంది. బాలమ్మ దిష్టి తగిలిందని మిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసింది. ఆశ్రిత మాత్రం కష్టం చాలడం లేదనుకుంది. వినాయక చవితి నుంచి బతుకమ్మ దాకా పూల మార్కెట్‌కు ఊపిరాడదు కదా. చీకటితో లేచి బంతిపూల మూటలు మోసి, అక్కడి నుంచి ప్రాక్టీసుకు వచ్చి, సాయంత్రం ఎవరికీ చెప్పకుండా ఫ్లైఓవర్ పిల్లర్ల కింద పరుగు. ఆట ఎంత తగ్గితే అంత ఎక్కువ పరుగు. మూటలు మోయడం కూడా ఒంటికి కష్టమేనని తల్లికీ తోచలేదు, కూతురికీ తోచలేదు. పనిని ఎవరు ప్రాక్టీసు అనుకుంటారు?

ఒక రోజు పొద్దున కూత వింటూనే కళావతక్క చాయ్ గ్లాసు మెట్టు మీద పక్కన పెట్టేసింది.

"ఆశ్రితా, ఇటు రా. కూత గట్ల గొంతులకెల్లి వస్తున్నదేందే?"

"మంచిగనే ఉన్న అక్కా."

"బయటుండి ఎన్ని నెల్లయింది?"

ఈసారి నన్ను చాయ్‌కు పంపడం కూడా మరిచిపోయింది. పిల్ల వేళ్ళ మీద లెక్కపెట్టసాగింది. ఆ రోజే కళావతక్క డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళింది. ఎముక ఇంకా చీలలేదు కానీ ఇలాగే ఆడితే చీలుతుందని, బరువు తగ్గిందని, ఒంట్లో రక్తం లేదని, ముందు ఆట, మూటలు ఆపి తిండి, నిద్ర చూడమని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది.

బాలమ్మ మా బస్సెక్కి మరీ లొల్లి పెట్టుకుంది. "సెలక్షన్లు ముంగట వెట్టుకొని పిల్లను కూసోవెడ్తరా ఎవరన్న? ఈ యేడు వోతే మల్ల వస్తదా?"

"కాలు వోతే మల్ల వస్తదా బాలమ్మా? నాకు రాలే" అంది కళావతక్క.

"మరి మూటలెవరు మొయ్యాలె? నువ్వు మోస్తవా?"

"మోస్త."

నేను అద్దంలో చూశాను. హాస్యమాడుతోందేమో అనుకున్నాను. మర్నాటి నుంచి కళావతక్క చీకటితో మార్కెట్‌కు వెళ్ళి బంతిపూల మూటలు మోసి, మైదానంలో పిల్లలను ఆడించి, అప్పుడు డ్యూటీ ఎక్కడం మొదలుపెట్టింది. ఆడమనిషి మొండితనం అంటే ఏమిటో అప్పుడు చూశాను.

అయినా ఆశ్రిత పడుకుంటే కదా! ఒక్క గది ఇల్లు, చుట్టూ మార్కెట్ గోల, పిల్లకు లోపల భయం. మళ్ళీ పిల్లర్ల కింద పరుగెత్తుతోందని తోటి పిల్లలు చెప్పారు. దసరా సెలవులు కావడంతో కళావతక్క ఆ పిల్ల చెయ్యి పట్టుకుని తెచ్చి మా బస్సులో ఎక్కించింది.

"నా కండ్ల ముంగట ఉండాలె. ఈడ్నే పండుకో."

ఆడవాళ్ళకు బస్సు ఉచితమైన నాటి నుంచి మాకు సీటు అన్న మాట మరిచిపోవడమే. బతుకమ్మ పండక్కి పూలు, గాజులు, చీరలు అంటూ ఊరంతా మా బస్సులోనే ఉంది. ఆ రద్దీలో పిల్లకు ఎవరి సీటు ఇస్తుంది? తన సీటే ఇచ్చింది. డ్యూటీ అంతా తాను నిలబడే ఆడవాళ్ళకిచ్చే జీరో టికెట్లు కొట్టింది. ఆశ్రిత కిటికీకి తల ఆనించి, ముందు బింకంగా కూచుంది. నయాపూల్ వచ్చేసరికి నోరు తెరుచుకుని నిద్రపోయింది.

గంప నెత్తిన పెట్టుకున్న ఒకావిడకు ఒళ్ళు మండింది. "ముసలోళ్ళం మేం నిలవడ్తే గీ పోరి పండుకునుడేంది?"

"ఆ పిల్ల పండుకోలేదమ్మా, ప్రాక్టీసు చేస్తున్నది. అది నా సీటు, నీది కాదు. జర లోపలికి జరుగు" అంది కళావతక్క. ఆ జవాబు ప్రతి ట్రిప్పులోనూ ఎవరో ఒకరికి చెప్పాల్సి వచ్చేది.

నా పని ఎంత కష్టమైందో నన్నడగండి. హారన్ కొడితే పిల్ల లేస్తుంది. గట్టిగా బ్రేకు వేస్తే కళావతక్క చూపు వీపులో గుచ్చుకుంటుంది. మదీనా దగ్గర బండ్లు అడ్డం వస్తుంటే హారన్ కొట్టకుండా బస్సు నడపడం ఎవరికైనా చేతనైతే ముందుకు రమ్మనండి. నేను నడిపాను. పత్తర్‌గట్టి ముందర స్పీడ్ బ్రేకర్ మీద బస్సును పసిపాపను దించినట్టు దించాను.

సద్దుల బతుకమ్మ ముందు రోజు మధ్యాహ్నం పిల్ల నిద్ర లేచింది. కళావతక్క ఇచ్చిన డబ్బా ఖాళీ చేసి, చెయ్యి కడుక్కుని, కిటికీ బయటికి చూస్తూ తనలో తాను కూత అందుకుంది. ముందు చిన్నగా, తర్వాత కాస్త గట్టిగా. నయాపూల్ వంతెన మొదలు నుంచి చివరి దాకా ఒకే ఊపిరి, ఎక్కడా తెగలేదు. కళావతక్క టికెట్ మిషన్ మీద వేలు ఆపేసి, అటు తిరిగి నిలబడి విన్నది. బస్సులో జనం ఎందుకో తెలియకుండానే చప్పట్లు కొట్టారు.

"కడుపులకెల్లి వచ్చిందన్నా" అంది నాతో. వెంటనే అటు తిరిగి మళ్ళీ టికెట్లు కొట్టడంలో పడింది.

డాక్టరమ్మ సరేనన్నాక కొద్దికొద్దిగా ఆట మొదలైంది. ఒక రోజు ఆడితే ఒక రోజు ఆపడం. అదీ అక్క ఇక చాలు అనగానే ఆపడం. పరుగు మాత్రం బంద్.

ఎంపికల నాడు నేను లీవు పెట్టి వెళ్ళాను. మైదానం నిండా జనం. అందరూ కోర్టు వైపు చూస్తుంటే కళావతక్క అక్కడ కూడా వీపు తిప్పి నిలబడింది. ఆశ్రిత కూతకు వెళ్ళింది. నేను ఆట చూడలేదు, ఆమె మొహం చూశాను. కళ్ళు మూసుకుంది, పెదవులు పిల్లతో పాటే కదులుతున్నాయి. కూత సాగినకొద్దీ మొహం విప్పారింది. జనం అరుపును బట్టి ముగ్గురిని ఔట్ చేసి వచ్చిందని నాకు తెలిసింది. ఆమెకు అంతకు ముందే తెలిసింది. సాయంత్రం చదివిన పేర్లలో ఆశ్రిత పేరుంది. నేను సిగ్గు లేకుండా ఈల వేశాను.

మర్నాడు మా చివరి ట్రిప్పులో, గుడిమల్కాపూర్ దగ్గర ఆశ్రిత ఎక్కింది. చేతిలో బాలమ్మ పంపిన మిఠాయి డబ్బా, బంతిపూల దండ. దండ నా స్టీరింగ్ ముందు వేలాడదీసింది. డిపోకు తిరిగి వెళ్ళే బండి, జనం పలచగా ఉన్నారు, టికెట్లు కొట్టడం అయిపోయింది. కళావతక్క అలవాటుగా సీటు చూపించింది.

"నువ్వు కూసో అక్కా. ఇన్ని దినాలు నిలవడ్డవు" అని భుజాలు పట్టి కూచోబెట్టింది ఆశ్రిత.

ఆమె ఏదో అనబోయింది. పిల్ల ఆమె నోట్లో మిఠాయి పెట్టింది. మరి రెండు స్టాపులు దాటాక అద్దంలో చూస్తే, చీకటితో మూటలు మోసిన మనిషి, పగలంతా నిలబడ్డ మనిషి, కిటికీకి తల ఆనించి నిద్రపోతోంది. ఆశ్రిత పక్కన రాడ్ పట్టుకుని కాపలాగా నిలబడింది.

ముందు సీటులో ఒకతను వెనక్కి తిరిగి, "కండక్టరమ్మ పండుకున్నదేంది?" అన్నాడు.

"పండుకోలేదు భాయ్, ప్రాక్టీసు చేస్తున్నది" అంది ఆశ్రిత.

డిపో దాకా నేను హారన్ కొట్టలేదు.