వెనక వరుస పాడిన సగం పాట

మీ అక్క పెండ్లిలో నేను పాడలేదని మీరు అలిగారట. మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. "మా అమ్మమ్మ పాట వింటారు చూడండి" అని పూణేలో మీ స్నేహితులందరికీ ముందే చెప్పుకున్నారట కదా. మాట తప్పినదాన్ని కాను పిల్లలూ. జరిగింది మీకూ చెప్పమని మీ అక్కే అంది, అందుకే చెబుతున్నాను. కాకపోతే ఇది నాకే ఇంకా సరిగ్గా అర్థం కాలేదు. వింటూ వింటూ మీకు తికమక అనిపిస్తే, నాదీ అదే పరిస్థితి అనుకోండి.

ప్రేమ పాటలంటే నాకు మొదటి నుంచీ పిచ్చి. పెండ్లయి బొగ్గు గనుల కాలనీకి వచ్చిన కొత్తలో మా క్వార్టర్‌కు ఒక పక్క మరాఠీ వాళ్లు, ఇంకో పక్క ఉర్దూ మాట్లాడేవాళ్లు ఉండేవారు. మరాఠీ ఆమె జొన్నరొట్టెలు కొడుతూ పాడేది. ఉర్దూ వాళ్ల రేడియోలో గజళ్లు వచ్చేవి. ఒక్క ముక్క తెలియకపోయినా కళ్లు నిండేవి. ఒకసారి అలా ముక్కు చీదుకుంటుంటే ఉర్దూ ఆమె గోడ మీదుగా చూసి, "ఎందుకేడుస్తున్నవ్ బెహన్? అండ్ల వాడు శరాబ్ గురించి జెప్తుండు" అని పడీ పడీ నవ్వింది. నాకు సిగ్గేసింది. మరునాడు అదే గజల్ వస్తే మళ్లీ ఏడ్చాను.

ప్రేమ పాటల్లో ఎప్పుడూ ఎవరో ఒకరు రారు, ఇంకొకరు ఎదురుచూస్తూ ఉంటారు. ఇద్దరూ ఇంట్లోనే కూర్చుని, పప్పులో ఉప్పు తగ్గిందని మాట్లాడుకునే పాట ఇంతవరకు నేను వినలేదు. మరి ఆ రాని మనిషి పాటలే నాకెందుకు ఇష్టమో ఎంత ఆలోచించినా తెలియదు.

అన్నిటికన్నా ఇష్టమైనది మాత్రం రేడియో పాట కాదు. పెద్దపల్లి దగ్గర మా అవ్వగారి ఊళ్లో, అంటే పుట్టింట్లో, పెండ్లికి ముందు నాట్లకు పోయినప్పుడు నేర్చుకున్న పాట. మీరు నాటు వేయడం చూడలేదు కదా, వెనక్కి వెనక్కి నడుస్తూ వేస్తారు. పెద్ద మడి అయితే ఆడవాళ్లు రెండు వరుసలు. ఒక వరుస ఈ ఒడ్డున, ఇంకో వరుస ఆ ఒడ్డున మొదలుపెట్టి మడి నడిమికి వస్తారు. అంటే ఒకరి మొహాలు ఒకరికి కనబడవు, వీపులే. పాటలో ముందు అందుకుని ఒక మాట అడిగేది ముందు వరుస, జవాబు చెప్పేది వెనక వరుస. నేను వెనక వరుస. వానకు గోనెసంచి మడిచి నెత్తిన వేసుకునేదాన్ని. ముందు వరుస అడిగే మాటలు అటు ఒడ్డువైపే పోయేవి. నాకు చివరన సాగదీసే "ఓ" ఒక్కటే వినబడేది. అది వినగానే మేం అందుకోవాలి:

"మల్లెలొద్దు, మువ్వలొద్దు, మాపటికి నువ్వు రా."
"వాన రానీ, వాగు రానీ, వాకిట్ల నిలబడుత."
"ఎవ్వరేమన్న అననీ, ఎంబడి నేనొస్త పద."

ఇంత చెప్పాక అడిగినవాడు ఎవడో వేరే చెప్పాలా? ప్రియుడో, మొగుడో అనుకున్నాను. అడిగి తెలుసుకోవాలని ఎన్నడూ తోచలేదు.

మీ తాత పొద్దటి షిఫ్టు నుంచి వచ్చే వేళకు వంటింట్లో ఈ పాటే పాడుకునేదాన్ని. ఆయన గడప మీద కూర్చుని బూట్లు విప్పుతూ, అక్కడక్కడా "ఓ" అని రాగం తీసేవాడు. తన కోసమే పాడుతున్నానని ఆయన అనుకున్నాడు. నేనూ అలాగే అనుకున్నాను. మా ఇద్దరి మధ్య ప్రేమ అనే మాట ఎప్పుడూ రాలేదు. ఈ పాటే ఆ మాట.

మీ అక్క అడిగింది కూడా ఈ పాటనే. "అమ్మమ్మా, పెండ్లిల నువ్వు మొదలుపెట్టు. తర్వాత పెండ్లికొడుకు అడుగుతడు, నేను జవాబు జెప్త. అడిగే మాటలు కూడ రాసి పంపు" అంది. సరేనన్నాను. ఫోన్ పెట్టేశాక గుర్తొచ్చింది, అడిగే మాటలు నా దగ్గర లేవు.

ముందు వరుసలో పాడినవాళ్లలో మా వదినె ఒక్కతే ఇప్పుడు పెద్దపల్లిలో ఉంది. సొంత వదినె కాదు, వరుసకు. ఇప్పుడు మేముండే కరీంనగర్‌లో బస్సెక్కి, ఆధార్ కార్డు చూపించి ఆడవాళ్ల ఉచిత టికెట్ తీసుకుని, కిటికీ పక్కన కూర్చుని పోయాను. ఆమె అరుగు మీద చింతపండు గింజలు తీస్తోంది.

"ఏమే, తొవ్వ మర్చిపోయి వచ్చినవా?" అంది.

"పాట కోసం వచ్చిన వదినె. మీ వరుస ఏం అడుగుతుండె?"

గొంతు సవరించుకుని, చేతిలో పని ఆపకుండానే అందుకుంది:

"సంతకు పోతున్న చెల్లె, ఏం దెత్తునో..."

"చెల్లెనా?" అన్నాను.

"చెల్లెనే. మరేమనుకున్నవ్?" అని మిగతాది కూడా పాడింది. "వాగు నిండి పారె చెల్లె, ఎట్ల వత్తునో... అత్త ఊకుంటదా చెల్లె, ఏం జెప్పుదునో..."

అత్తగారింట్లో ఉండలేని చెల్లెలు, తీసుకుపోవడానికి రమ్మని అన్నను పిలిచే పాట అది. నా మొహం చూసి వదినెకు అనుమానం వచ్చింది.

"ఎవలికి పాడినవే దీన్ని?"

"మా ఆయనకు."

"ఓరి నీ పాడుగాను! గిన్నేండ్లు మొగన్ని వట్టుకోని అన్నా రా, అన్నా రా అన్నవా?" అని చింతపండు చేతులతోనే మొహం కప్పుకుని నవ్వింది. నవ్వి నవ్వి, నేను బస్సెక్కే ముందు మాత్రం, "మా వరుసల పెద్దామె గట్ల పాడేది. వేరే ఊళ్లె మొగడనే పాడుతరేమో, నాకేమెరుక" అంది. ఉన్న తికమక ఇంకాస్త పెరిగింది.

ఇంటికొచ్చి చెబితే మీ తాత కూడా మొదట నవ్వాడు. "నన్ను అన్నను జేసినవా ఏమే!" అన్నాడు. తర్వాత పేపర్ అందుకుని తిప్పాడు. చదవడం లేదని తెలుస్తూనే ఉంది.

"గప్పుడు మీ ఇంటికి పోవాలనిపించేదా నీకు?"

"లేదు" అన్నాను.

"మరి రోజూ గదే పాడుతుంటివి?"

కొత్త కోడలిగా బొగ్గు పొగలో, తెలియని భాషల మధ్య ఉన్న పిల్ల ఎవరిని పిలిచి పాడిందో నాకు మాత్రం ఏం తెలుసు? బూట్లు విప్పే మనిషి కోసం ఎదురుచూసిన మాట నిజం. ఆయన షిఫ్టుకు పోగానే మా ఊరి బస్సు పోయే తోవ వైపు చూసిన మాటా నిజమే. రెండూ ఒకే పాటలో ఎలా పట్టాయో!

మీ అక్కకు ఫోన్ చేశాను. "పెండ్లికి గిది పనికిరాదు బిడ్డా. అత్తగారింట్ల నుంచి పోత అనే పిల్ల పాటట" అని జరిగిందంతా చెప్పాను.

అది విని ఆమె, "తాతతోని నీకు మంచిగనే ఉండె గదా అమ్మమ్మా?" అంది.

"ఉండె."

"అయినా పాడుతుంటివి."

"పాడుతుంటి."

"అయితే పెండ్లిల వద్దు తియ్. పెండ్లయినంక నాకు పంపు. రెండు సగాలు పంపు."

"ఎందుకే? ఏమన్న రందా, దిగులా?"

"రంది లేదు, ఏం లేదు. ఊకెనే, ఉత్తగనే."

ఆ "ఊకెనే"ను పట్టుకుని పెండ్లి అంతా ఆమె మొహం చూస్తూనే ఉన్నాను. పాడే మాట మరిచిపోయినట్టు నటించాను. మీరు అలిగింది అప్పుడే. ఆమె మాత్రం పీటల మీద బాగానే నవ్వుతోంది.

మొన్న పాట ఫోన్‌లో రికార్డు చేసి పంపాను. శబ్దం పడకుండా మీ తాత ఫ్యాన్ ఆపి, అడిగే మాటలు తనే పాడతానన్నాడు. "పాడితే అన్నవైతవ్ మరి" అంటే, "కానియ్ తియ్" అన్నాడు. మాట మార్చలేదు. రాగం లేని గొంతుతో చెల్లె అనే అడిగాడు, నేను జవాబు చెప్పాను.

సాయంత్రం మీ అక్క ఫోన్ చేసింది. బాగుందని అనలేదు, బాగాలేదని అనలేదు. "ఆఖరికి వాళ్లన్న వచ్చి తీస్కపోయిండా, లేదా?" అని అడిగింది.

"గంతవరకే పాడేది బిడ్డా. అప్పటికి మడి అయిపోయేది" అన్నాను.