లొరెట్టా సభలో చెప్పని మాట

మా వదిన లొరెట్టా స్టిక్నీ వృత్తి బడి బస్సు నడపడం. మిగతా వేళల్లో ఆమె పని దెబ్బలాట. తుపాకుల మీద ప్రభుత్వం ఏ కొత్త చట్టం తేబోయినా మా కౌంటీ తుపాకీదారుల సంఘం తరఫున మొదట లేచేది ఆమే. రాకీ పర్వతాలకు తూర్పున, ఇంటికీ ఇంటికీ నడుమ మైళ్ల కొద్దీ గోధుమ చేలున్న చోటు మాది. షెరిఫ్‌కు ఫోన్ చేస్తే, ఆ పోలీసు అధికారి వచ్చేలోపు వండుకుని, తిని, గిన్నెలు కూడా కడుక్కోవచ్చు. "ఎవడింట్లో ఏ తుపాకీ ఉండాలో తేల్చడానికి రాజధానిలో కూర్చున్న వాళ్లెవరు?" అన్నది లొరెట్టా ఊతమాట. నేను ఆమె తమ్ముడి భార్యను, మేవిస్ నా పేరు. ఆమె కేకలకు ఇంట్లో అందరికంటే ఎక్కువ అలవాటు పడ్డదాన్ని.

ఒక వేసవిలో వడగళ్ల వాన గార్లాండ్ బెక్విత్ పంటను నేలమట్టం చేసింది. గార్లాండ్ లొరెట్టాకు పొరుగు రైతు, చిన్నప్పుడు ఒకే బెంచీ మీద కూర్చున్నవాడు. అతని భార్య నదీన్ అంతకుముందు చలికాలంలోనే కేన్సర్‌తో పోయింది. పంట కూడా పోయాక అతను చర్చికి రావడం మానేశాడు. ఒక ఆదివారం మధ్యాహ్నం లొరెట్టా ఇంట్లో ఇద్దరం చిక్కుళ్లు ఒలుస్తుంటే, గార్లాండ్ తన కుక్కను ఎవరికో ఇచ్చేశాడట అని మాటవరసకు అన్నాను.

లొరెట్టా చేతిలో గిన్నె కింద పెట్టింది. "రస్టీనా? రస్టీని ఇచ్చేశాడా?"

"ఇక చూసుకోలేనన్నాడట."

"లే మేవిస్. బండెక్కు."

గార్లాండ్ ఇంటి తలుపు తీసే ఉంది. అతను వంటింటి బల్ల ముందు కూర్చుని ఉన్నాడు. బల్ల మీద పిస్తోలు ఉంది. నేను గడప దగ్గరే ఆగిపోయాను. లొరెట్టా మాత్రం తిన్నగా లోపలికి వెళ్లి, అతనికి ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

"కాఫీ ఉందా?" అంది.

"లేదు. పో లొరెట్టా."

"పోను. ఒక్క మాట అడుగుతాను, నిజం చెప్పు. చచ్చిపోదామనుకుంటున్నావా?"

అంత సూటిగా అడుగుతుందనుకోలేదు నేను. గార్లాండ్ కూడా అనుకోలేదేమో. అతని దవడ అదిరింది. చెయ్యి మాత్రం పిస్తోలు పక్కనే ఉంది. ఫోన్ వైపు అడుగు వేయబోయాను. లొరెట్టా తల తిప్పకుండానే వద్దని వేలు ఊపింది.

"పొద్దున లేస్తే ఈ ఇల్లు నన్ను మింగేస్తోంది," అన్నాడు చివరికి.

"తెలుసు. నీ దుఃఖాన్ని తీసుకుపోలేను కానీ గార్లాండ్, నీ తుపాకులు తీసుకుపోతాను. నా ఇనప్పెట్టెలో ఉంటాయి. నువ్వు కుదుటపడ్డాక నీవి నీకే."

"జనాలకి టముకు వేస్తావు."

"నా నోటి నుంచి రాదు. మేవిస్ నోటి నుంచీ రాదు."

అతను పిస్తోలును మెల్లగా బల్ల మీద ఆమె వైపు తోశాడు. లొరెట్టా దాన్ని అందుకుని తూటాలు తీసేసింది. అతని తండ్రి నాటి జంట గొట్టాల తుపాకీతో సహా ఇంట్లో ఉన్నవన్నీ బండిలోకి ఎక్కించాం. గార్లాండ్‌ను కూడా ఎక్కించుకుని మా పాస్టరు ఇంటికి, మర్నాడు అక్కడి నుంచి డాక్టరు దగ్గరికి తీసుకువెళ్లాం.

ఆ చలికాలంలో మా రాష్ట్ర రాజధానిలో కొత్త బిల్లు వచ్చింది. ఒకరి తుపాకీ ఇంకొకరి చేతికి వెళ్లాలంటే, ఒక్క రోజు కోసమైనా సరే, ఇద్దరూ లైసెన్సు ఉన్న దుకాణానికి వెళ్లి పోలీసు తనిఖీ చేయించుకోవాలి. తిరిగి ఇచ్చేటప్పుడూ అంతే. లేకపోతే నేరం. మాకు దగ్గరి దుకాణమే గంటన్నర ప్రయాణం.

"అయితే ఆ రోజు నేను చేసింది నేరమన్నమాట," అంది లొరెట్టా.

బిల్లు మీద శాసనసభ కమిటీ జనం మాట వినే విచారణకు సంఘం ఆమెనే పంపింది. ఆమెకు తోడుగా నేను వెళ్లాను. హాలు కిక్కిరిసి ఉంది. ఒక పక్క మా వాళ్లు, ఇంకో పక్క కాల్పుల్లో పిల్లల్ని పోగొట్టుకున్న తల్లులు ఫొటోలు గుండెలకు హత్తుకుని. అటు చూడటం నాకు చేతకాలేదు. లొరెట్టా మాత్రం చూసింది. తుపాకీ ఉంచుకునే హక్కు ఇచ్చిన రాజ్యాంగం రెండో సవరణ గురించి రాసుకొచ్చినదంతా గబగబా చదివింది. బిల్లు తెచ్చిన సెనేటర్ ఇనెజ్ హాల్వర్సన్ ఓపికగా విన్నది. ఆమె మేనల్లుడు కూడా తూటాకే పోయాడని అందరికీ తెలుసు.

"స్టిక్నీగారూ, మీ హక్కుల మీద నాకు గౌరవం ఉంది," అందామె. "ఒక్క ఉదాహరణ చెప్పండి. ఈ చట్టం వల్ల ఏ తప్పూ చేయని మనిషికి హాని జరిగే సందర్భం ఒక్కటి."

లొరెట్టా నోరు తెరిచింది. మా సంఘం వాళ్లు ముందుకు వంగారు. చెప్పు, చెప్పెయ్, పేరు లేకుండా చెప్పెయ్ అని లోపల అరుస్తున్నాను. కానీ మా కౌంటీలో పేరు దాచినా మనిషి దాగడు.

"ఉంది," అంది. "చెప్పలేను."

వెనక ఎవరో ఫక్కుమన్నారు. బిల్లు ఆ కమిటీ దాటింది. బయటికి వచ్చాక సంఘం అధ్యక్షుడు ఆమెతో మాట్లాడలేదు.

తిరుగు దారిలో నేనే ఆగలేకపోయాను. "గెలిచే మాట నోట్లో పెట్టుకుని మింగేశావు వదినా! దేనికి?"

"అది నా మాట కాదు మేవిస్. వాడిది," అంది.

ఉంది, చెప్పలేను అని ఆమె అన్న సంగతి పత్రికలో పడింది. మర్నాడు గార్లాండ్ పత్రిక పట్టుకుని వచ్చాడు. మనిషి కాస్త ఒళ్లు చేశాడు. "నీ అంత మొద్దును ఈ భూమ్మీద చూడలేదు," అన్నాడు. "ఆ సెనేటరమ్మ నంబరు ఇలా ఇయ్యి."

మా ముందే ఫోన్ చేశాడు. రెండు రోజులు చేసినా ఎవరూ ఎత్తలేదు. మూడో రోజు సెనేటరే తీసింది. "ఆ రోజు నా గుమ్మం ముందు పోలీసు కారు ఆగుంటే నేను ఇప్పుడు మాట్లాడేవాణ్ని కాదమ్మా. పక్కింటి మనిషి వచ్చింది కాబట్టి ఇచ్చాను," అన్నాడు. ఆవిడ ఏమన్నదో మాకు వినపడలేదు. గార్లాండ్ మాత్రం చాలాసేపు కళ్లు మూసుకుని విన్నాడు. ఫోన్ పెట్టేసి, "తన మేనల్లుడి పేరు చెప్పింది," అన్నాడు.

బిల్లు చట్టమైంది. కాకపోతే, ప్రాణాపాయం ఉన్నప్పుడు బంధువో స్నేహితుడో తనిఖీ లేకుండానే కొంతకాలం తుపాకీ తన దగ్గర ఉంచవచ్చని అందులో ఒక వాక్యం చేరింది. లొరెట్టా సంతోషించలేదు. "మంచి పని చేయడానికి వీళ్ల అనుమతి ఒకటి," అని సణిగింది. సంఘంలో కొందరు ఆమె శత్రువులతో రాజీ పడిందన్నారు. చట్టం తెచ్చినవాళ్లలో కొందరు ఆ వాక్యం నేరగాళ్లకు తలుపు తెరిచిందన్నారు.

మళ్లీ గోధుమ కోతలయ్యాక గార్లాండ్ తన తుపాకులు అడగడానికి వచ్చాడు. లొరెట్టా ముఖం పాలిపోయింది.

"ఇప్పటికీ అనిపిస్తుందా?" అంది.

"ఒక్కొక్క రోజు."

ఆమె కదల్లేదు. గార్లాండ్ నవ్వాడు, కానీ కళ్లలో పంతం ఉంది. "ఎవడి తుపాకీ ఎవడి దగ్గర ఉండాలో తేల్చడానికి నువ్వెవరు లొరెట్టా?"

ఆ మాట ఆమెకు చెంపదెబ్బలా తగిలింది. తన నోటి మాటే. ఇనప్పెట్టె తాళంచెవి తీసి అతని అరచేతిలో పెట్టి, తను వసారాలోకి వచ్చి నా పక్కన కూర్చుంది. లోపల పెట్టె తలుపు తెరుచుకున్న చప్పుడైంది. ఆమె నా మణికట్టు పట్టుకుంది. నొప్పి పుట్టినా నేను వదిలించుకోలేదు.

గార్లాండ్ తండ్రి తుపాకీ ఒక్కటే భుజాన వేసుకుని బయటికి వచ్చాడు. "కోడిపిల్లల్ని గుంటనక్కలు ఎత్తుకుపోతున్నాయి, దీనితో చాలు. మిగతావి నీ దగ్గరే ఉండనీ," అని మెట్లు దిగిపోయాడు.

మర్నాడు పొద్దున బడి బస్సులో పిల్లల్ని ఎక్కించుకుని అతని పొలం పక్కగా వెళుతూ లొరెట్టా గట్టిగా హారన్ కొట్టిందట. గార్లాండ్ కంచె బిగిస్తూ, తల ఎత్తకుండానే సుత్తి ఉన్న చెయ్యి పైకెత్తి ఊపాడని సాయంత్రం వచ్చి నాకు చెప్పింది.