బహుమతి పుస్తకాన్ని ఊడదీయించిన కథ

కొత్త పుస్తకాల కట్ట వచ్చిందంటే ఆ పూట నాకు అన్నం సయించేది కాదు. డెబ్బైల మొదట్లో బాపట్లలో ఒక చిన్న గ్రంథాలయంలో లైబ్రేరియన్‌గా పనిచేసేదాన్ని. కట్టలో అన్నీ పెద్దల పుస్తకాలే ఉండేవి. అడుగున ఎక్కడో పిల్లల పుస్తకాలు నాలుగైదు నలిగిపోయి ఉండేవి. నేను ముందు అడుగునే వెతికేదాన్ని. "ఇంత వయసొచ్చింది, ఇంకా ఆ పిల్లల కథలేంటమ్మా?" అనేవారు పేపరు చదవడానికి వచ్చే పెద్దమనుషులు. "మీరు రోజూ అదే పేపరు చదవట్లేదా అండీ" అనేదాన్ని. నోటి దురుసు నాకు పుట్టుకతో వచ్చింది. ఉద్యోగం దాన్ని ఏమీ తగ్గించలేకపోయింది.

ఆ ఏడు వచ్చిన కట్టలో, పిల్లల నవలల పోటీలో మొదటి బహుమతి పొందిందని అట్ట మీదే అచ్చు వేసిన పుస్తకం ఒకటి కనిపించింది. తుపానులో కొట్టుకుపోయిన తండ్రి పడవను వెతుక్కుంటూ కాలవ గట్ల వెంట బయలుదేరిన అన్నాచెల్లెళ్ల కథ. కుర్చీ లాక్కోవడం కూడా మరిచిపోయి నిలబడే చదివేశాను. పిల్లల కోసం రాసేవాళ్లు చాలామంది నీతులు చెప్పి చేతులు దులుపుకుంటారు. ఇందులో పిల్లలు ఆకలికి ఏడుస్తారు, అబద్ధాలాడతారు, ఒకరినొకరు తిట్టుకుంటారు, అయినా వెనక్కి తిరగరు. మన పిల్లల కోసం మన భాషలో ఒకరు ఇలా రాశారని నాకు పట్టరానంత గర్వం కలిగింది. రాసింది నేనే అన్నంత గొప్పగా కనిపించిన పిల్లలందరికీ చెప్పుకున్నాను.

చెప్పుకున్నందుకు ఫలితం మర్నాడే గుమ్మం ముందు నిలబడింది. పిల్లలు గుంపుగా వచ్చి నాకంటే నాకని కొట్టుకున్నారు. పుస్తకం చూస్తే ఒకటే కాపీ. ఒకరికిస్తే రెండు వారాల దాకా తిరిగి రాదు. అందరి చేతికీ వెళ్లేసరికి వీళ్లకు మీసాలొస్తాయి, పెళ్లిళ్లవుతాయి.

మాది తెనాలి. అక్కడ మా ఇంట్లో, మా వీధిలో అందరిళ్లలోనూ వారపత్రికలో వచ్చే సీరియల్ పేజీలు చించి, వరస తప్పకుండా దాచి, సీరియల్ అయిపోగానే బైండు చేయించడం ఆనవాయితీ. మా అమ్మ ఆ పేజీలను పెట్టెలో పట్టుచీరల కింద దాచేది. ముక్కలన్నీ కలిపి పుస్తకం చేయగా లేనిది, పుస్తకాన్ని ముక్కలెందుకు చేయకూడదని నాకు తోచింది. ఆదివారం పుస్తకం పట్టుకుని తెనాలి రైలెక్కాను.

మా ఇంటి సీరియళ్లన్నీ కుట్టిన బైండరు గారు పుస్తకాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు.

"బైండింగు చెయ్యమనేవాళ్లని చూశాను గాని, ఊడదియ్యమనేవాళ్లని ఇప్పుడే చూస్తన్నానమ్మాయ్. కొత్త పుస్తకం, పైగా గవర్నమెంటుది."

"ఊడదియ్యండి బాబాయ్. మాటొస్తే నామీదికి రానివ్వండి."

పుస్తకం ఎనిమిది ఫారాలు. పెద్ద అచ్చు కాగితాన్ని మడిస్తే వచ్చే పదహారు పేజీలను ప్రెస్సువాళ్లు ఫారం అంటారు. ఆయన గొణుక్కుంటూనే కుట్లు విప్పి, ఒక్కో ఫారానికి దళసరి అట్ట వేసి విడివిడిగా కుట్టిచ్చారు.

అయితే కథ ఎక్కడ ఆగాలో ఫారానికి తెలియదు. మొదటి ఫారం "చెల్లెలు లాంతరు పైకెత్తి చూసేసరికి చెట్టు కింద" అన్న చోట అయిపోయింది. చెట్టు కింద ఏముందో రెండో ఫారంలో గాని లేదు. ఒకటి తెచ్చిస్తేనే తర్వాతది ఇస్తానని నేను నియమం పెట్టాను. ఇక చూడాలి వాళ్ల పరుగులు. బడి వదలగానే ఒగర్చుకుంటూ వచ్చేవారు. కర్లపాలెం నుంచి బస్సులో వచ్చి చదువుకునే పిల్లలు బస్సు తప్పినా సరే ఫారం మార్చుకునే వెళ్లేవారు. ఆ రోజుల్లో నేను కొంచెం తల ఎగరేసుకునే నడిచాను. ఎందుకు ఎగరేయకూడదు?

అప్పుడు జిల్లా ఆఫీసు నుంచి తనిఖీకి ఆఫీసరు గారు వచ్చారు. బహుమతి పుస్తకం ఏదమ్మా అన్నారు. బీరువాలో ఉన్న ఒకే ఒక్క ఫారం తెచ్చి బల్ల మీద పెట్టి, మిగతావి పిల్లల దగ్గర ఉన్నాయండి అన్నాను. ఆయన ముఖం కందగడ్డలా అయింది.

"వచ్చే శనివారం మళ్లీ వస్తాను. ఎనిమిదీ ఇక్కడుండాలి. మళ్లీ ఒకే పుస్తకంగా కుట్టించాలి. ఒక్కటి తగ్గినా నీకిక్కడ ఉద్యోగం ఉండదు, పిల్లల బీరువాకి తాళం వేయిస్తాను."

ఉద్యోగం పోతుందని భయపడ్డాను, అబద్ధమెందుకు. అంతకంటే ఆ తాళం మాట నన్ను నిద్రపోనివ్వలేదు.

ఏడో ఫారం తప్ప అన్నీ చేరాయి. అది చేపలు పట్టే పల్లెకారుల పిల్ల ఒకతె దగ్గర ఉండిపోయింది. బడి మానిపించినా, వాళ్లమ్మ చేపలు అమ్ముకుని వచ్చేదాకా మా గ్రంథాలయం మెట్ల మీద కూర్చుని చదువుకునే పిల్ల. వాళ్ల ఇంటివాళ్లంతా పడవలతో రేపల్లె వైపు వెళ్లిపోయారట. చేపలమ్మే ఆడవాళ్లతో కబురు మీద కబురు పంపాను.

శనివారం ఆఫీసరు గారు ఫారాలు వరసగా పేర్చుకుంటుండగా ఆ పిల్ల తల్లి వచ్చింది. గంప బయట దించి, కొంగుకు చేతులు తుడుచుకుని, మైనపు గుడ్డలో చుట్టిన ఏడో ఫారం బల్ల మీద పెట్టింది. పెట్టింది గాని పైనుంచి చెయ్యి తియ్యలేదు.

"ఊరకనే ఇయ్యొద్దంది పంతులమ్మా మా పిల్ల. ఇదిస్తే తర్వాతది ఇస్తారంట గదా, అది తెమ్మంది. ఆ పడవ దొరికిందో లేదో తెలవకపోతే దానికి ముద్ద దిగట్లేదు."

"ఇక ఇవ్వడం కుదరదమ్మా. పుస్తకం కుట్టించెయ్యాలి" అన్నారు ఆఫీసరు గారు.

ఆమె ఆయన్ను పట్టించుకోలేదు. నా వైపే చూసింది. "ఏంటమ్మా, ఇస్తామన్నారంట గదా."

ఎనిమిదో ఫారం నా చేతిలోనే ఉంది. బల్ల మీద పెడితే పుస్తకం పూర్తవుతుంది, నా ఉద్యోగం నిలబడుతుంది. నేను దాన్ని ఆమె చేతిలో పెట్టాను.

"అంటే పుస్తకం మళ్లీ పూర్తి కాలేదన్నమాట" అన్నారు ఆయన.

"ముందు ఆ పిల్లకి పూర్తి కానివ్వండి సార్."

ఆయన ఏడో ఫారం తీసి మిగతావాటి మీద పెట్టారు. తర్వాత ఆమెను అడిగారు. "చదివాక తిరిగి పంపిస్తుందా మీ అమ్మాయి?"

"పంపకేం చేసుద్దండి. దాని తర్వాత ఇంకేం లేదంట గదా."

ఆయన నవ్వలేదు. నాకు మెమో ఇచ్చారు, ఉద్యోగం తియ్యకుండా రేపల్లెకు బదిలీ చేయించారు. బీరువాకు తాళం మాత్రం వేయించలేదు. నా ఉద్యోగమంతటిలో వచ్చిన మెమో అదొక్కటే. బంధువుల్లో ఎవరైనా ప్రమోషన్ల గురించి గొప్పలు పోతే నేను దాని గురించి చెప్పేదాన్ని.

రేపల్లెలో చేరిన కొన్నాళ్లకు ఆ పిల్ల వచ్చింది. గుమ్మం దగ్గర కాళ్ల ఇసుక దులుపుకుని లోపలికొచ్చి ఎనిమిదో ఫారం ఇచ్చింది. బైండరు గారి కుట్టు తెగిపోయింది. ఆ చోట వలలల్లే దారంతో ఎవరో గట్టిగా కుట్టారు.

"నేనే కుట్టానండి. మా ఇళ్లకాడ అందరికీ చదివి వినిపించా. మళ్లీ చదవమని మళ్లీ చదవమని ఒకటే గోల. తెగిపోయింది."

నేను ఆ కుట్టు మీద వేలు ఆనించి చూశాను. "ఎలా ఉంది కథ?" అని అడిగాను.

ఆ పిల్ల ఆలోచించింది. "ఆఖర్న పడవ దొరికినట్టు రాశారండి. తుపానులో పోయింది దొరకదు. మా నాన్నదీ దొరకలేదు. అయినా బాగుంది. ఇట్టాంటిది ఇంకోటుంటే ఇవ్వండి."

నేను లేచి పిల్లల బీరువా దగ్గరికి నడిచాను.