చెల్లె చెప్పిన సాక్ష్యం, నేను మింగిన గోళీ

ఆ రోజు బాన్సువాడలో బిచ్కుంద బస్సెక్కి, ఎప్పటిలాగే కిటికీ పక్కన కూర్చున్నాను. బిచ్కుందలోని ఒక ఆఫీసులో కంప్యూటర్ ఆపరేటర్‌గా పని నాది. ఊరు దాటిన కాసేపటికి ఉన్నట్టుండి గుండె దడదడ కొట్టుకుంది. వేళ్లు తిమ్మిరెక్కాయి. ఊపిరి అందలేదు. చచ్చిపోతున్నాననే అనుకుని బస్సు ఆపమని అరిచాను. కండక్టర్ నన్ను దింపుతూ, "పొద్దుగాల ఏం తినకుండ ఎక్కుతరు, మా పానం తీస్తరు" అన్నాడు. నేను కడుపునిండా తినే ఎక్కాను. ఆ మాట నేను మరిచిపోలేదు.

నా భర్త ప్రభాకర్ బండి మీద వచ్చి దవాఖానకు తీసుకెళ్లాడు. అక్కడి డాక్టర్ ఈసీజీ కాగితం చూశాడు కానీ నా ముఖం చూడలేదు. "నార్మల్ ఉన్నదమ్మా. ఏం లేదు, గ్యాస్. టెన్షన్ వెట్టుకోకు" అన్నాడు. థైరాయిడ్ పరీక్ష, రక్త పరీక్షలు కూడా నార్మలే. రిపోర్టు నార్మల్ అని వచ్చిన ప్రతిసారీ ఇంట్లో నా మాట విలువ కొంచెం తగ్గింది.

"డాక్టరే ఏం లేదన్నంక ఇంకేమున్నదే నీకు?" అన్నాడు ప్రభాకర్.

ఏమీ లేకపోయినా అది మళ్లీ మళ్లీ వచ్చింది. కొన్నాళ్లకు బస్సు హారన్ వింటేనే చెమటలు పట్టేవి. సెలవులు అయిపోతున్నాయి. ఇట్లాగే ఉంటే వేరే మనిషిని పెట్టుకుంటామని ఆఫీసులో చెప్పేశారు. బస్సెక్కలేకపోతే నా ఉద్యోగం పోతుంది.

ఈ సంగతంతా ఒక్క మా చెల్లెకే చెప్పాను. ఎవరికీ చెప్పొద్దని చేయి పట్టుకుని అడిగాను. ఆమె పేరు రాయకూడదనే అనుకున్నాను. కానీ ఆమె నా పేరు మైకులో చెప్పింది కనుక రాస్తున్నాను. ఆమె పేరు రూతు.

మా చర్చి సంఘంలో ఆదివారం ఆరాధన చివర ప్రార్థన మనవులు చెప్పుకుంటారు. ఎవరికి ఏ కష్టమున్నా లేచి చెబితే అందరూ వాళ్ల కోసం ప్రార్థిస్తారు. ఆ కష్టం తీరాక, దేవుడు చేసిన మేలు ఇదని లేచి చెప్పడాన్ని సాక్ష్యం అంటారు. మంచి అలవాటే. ఒక ఆదివారం రూతు లేచి మైకు అందుకుని, "మా అక్క సునీతకు మనసు మంచిగ ఉంటలేదు. బస్సుల ఉరుకులాడుతుంది. అందరు ప్రార్థన చెయ్యుండ్రి" అంది. నేను ఆమె పక్కనే కూర్చున్నాను. హాలంతా నా వైపు తిరిగింది.

బయటికొచ్చాక ఒక అవ్వ నా గడ్డం పట్టుకుని, "బిడ్డా, మమ్ముల గుర్తు వడ్తున్నవా?" అని అడిగింది.

"గుర్తు వడుతున్న అవ్వా. పోయినేడు నా టిఫిన్ డబ్బా తీస్కపోయి ఇయ్యలే నువ్వు" అన్నాను.

"అయ్యో, మంచిగనే ఉన్నది పిల్ల" అంది అవ్వ.

చివరికి నేనే పట్టుబట్టి నిజామాబాద్‌లో సైకియాట్రిస్టును కలిశాను. ఆమె నేను చెప్పినదంతా వింది. "దీన్ని పానిక్ డిజార్డర్ అంటరు. మీ బోరుకు ఆటో స్టార్టర్ ఉన్నదా?" అని అడిగింది. ఉందన్నాను. "కరెంటు రాంగనే మోటర్ నడుస్తది. పొలానికి నీళ్లు కావాల్నా వద్దా అని అది చూడదు. మీ ఒంట్ల భయం గట్ల దానంతటదే స్టార్ట్ అయితుంది. మీరు నటిస్తలేరు, మీకు పిచ్చి లేదు."

నటించడం లేదని నాతో అన్న మొదటి మనిషి ఆమె.

రోజూ ఉదయం ఒక గోళీ రాసింది. పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుందని, బాగయిందని నాకు నేనే ఒక్కసారిగా ఆపేయొద్దని, నా వెంట వచ్చిన ప్రభాకర్ ఎదుటే చెప్పింది. దాంతోపాటు కౌన్సెలింగ్. కౌన్సెలర్ నన్ను మొదట ఆగి ఉన్న బస్సులో కూర్చోబెట్టింది. తర్వాత ఒక స్టాపు, ఆ తర్వాత ఇంకాస్త దూరం. భయం వచ్చినప్పుడు దిగిపోకుండా అది తగ్గేదాకా కూర్చోవాలి. దాన్ని ఎక్స్‌పోజర్ అన్నారు. చాలా కష్టమైన పని అది. అయినా చేశాను. ఒక ఉదయం బిచ్కుంద దాకా వెళ్లి నా కుర్చీలో కూర్చున్నాను.

ఆ సంతోషంలో ఇంట్లో ఏం జరుగుతోందో చూసుకోలేదు. రోజూ ప్రభాకరే గోళీ తీసి, నీళ్లగ్లాసుతో తెచ్చి ఇచ్చేవాడు. ఒకరోజు గోళీ వేరేగా కనిపించింది. "షాపుల కంపెనీ మారిందట" అన్నాడు. నమ్మి మింగాను.

కొద్ది రోజులకే తల తిరగడం, తలలో కరెంటు కొట్టినట్టు అవడం మొదలైంది. తర్వాత ఆఫీసులోనే, అందరి ముందూ పానిక్ అటాక్ వచ్చింది. ఇంత చేసినా మందు పనిచేయలేదని, ఇక నా బతుకింతేనని ఏడ్చాను. ప్రభాకర్ నా ఏడుపు చూసి కూడా మరునాడు అదే గోళీ తెచ్చిచ్చాడు.

ప్రభాకర్‌తో మళ్లీ నిజామాబాద్ వెళితే సైకియాట్రిస్ట్ గోళీలు చూపించమంది. చూసి, "ఇవి బలం గోళీలు. నేను రాసినవి కావు" అంది.

నేను ప్రభాకర్ వైపు చూశాను. ఆయన నేల చూశాడు.

"నువ్వు ఆఫీసుకు పోవుడు షురూ జేసినంక, నువ్వు లేని ఆదివారం రూతు సాక్ష్యం చెప్పింది" అన్నాడు. "అక్కకు నయమైంది, గోళీలు గూడ బందైనయని చెప్పింది. ఇగ నువ్వు మింగితే సాక్ష్యం అబద్ధమైతది గదా అన్నది. నయమే అయింది గదా అని నేను గూడ..."

సాక్ష్యం నిజం కావడానికి నా మందు ఆపారు. ఒకరు నా తోడబుట్టినది, ఒకరు నేను కట్టుకున్నవాడు.

మా పాస్టర్ గారిని అడిగితే ఆయనే నివ్వెరపోయాడు. "గోళీలు బంద్ చెయ్యమని నేనెవలకు జెప్పిన తల్లీ? నేనే రోజు బీపీ గోళీ ఏసుకుంట" అన్నాడు. అయితే వచ్చే ఆదివారం మైకు నాకివ్వండి అన్నాను.

ఆ ఆదివారం లేచి నిలబడ్డాను. "నాది పానిక్ డిజార్డర్. ఈ పొద్దు గూడ గోళీ ఏస్కొని వచ్చిన. ఏసుకుంటనే ఉంట. నా సాక్ష్యం నేనే చెప్పుకుంట, ఇంకెవలు చెప్పొద్దు" అని కూర్చున్నాను. మధ్యలో ఎక్కడా ఆగలేదు.

ఇప్పుడు మళ్లీ రోజూ బిచ్కుంద వెళుతున్నాను. అప్పుడప్పుడు గుండె దడ వస్తుంది. కూర్చునే ఉంటాను, తగ్గుతుంది. గోళీ మోతాదును డాక్టరే కొంచెం కొంచెంగా తగ్గిస్తోంది. ప్రభాకర్ రోజూ నీళ్లగ్లాసు తెచ్చిస్తాడు. నీళ్లు మాత్రమే తీసుకుంటాను.

చదివేవారికి నేను చెప్పేది ఒకటే. మీ గోళీల షీటు మీ దగ్గరే పెట్టుకోండి. గోళీ రంగో రూపమో మారితే, అది మీ మందేనని షాపులోనో డాక్టర్ దగ్గరో తేల్చుకున్నాకే మింగండి.

మొన్న రూతు మా ఇంటికొచ్చింది. తలుపు దగ్గరికి వేసి, తనకొచ్చిన కష్టమేదో చెప్పి ఏడ్చింది. పోయేటప్పుడు నా చేయి పట్టుకుని, "నా కోసం ప్రార్థన చెయ్యక్కా. ఎవలకు చెప్పకు" అంది.

చేస్తున్నాను. ఆ కష్టమేమిటో మైకులో చెప్పలేదు, ఇక్కడా రాయను.