లాడ్ బజార్‌లో అన్న తెస్తానన్న చాయ్

వచ్చే నెల పీజీలో చేరడానికి హైదరాబాద్ వస్తున్నాను. మలక్‌పేటలో ఇద్దరికి సరిపోయే గది చూశాను. ఈరోజు సాయంత్రం ఐదులోపు ఏదో ఒకటి చెప్పమంది ఇంటి ఓనరమ్మ. అన్నను నాతో ఉండమని అడగడానికే ఈ ప్రయాణం. మా నాన్న జాతరల్లో రంగులరాట్నం తిప్పేవాడు. ఇరవై రోజులకో ఊరు, సంచే మా అల్మారా. డేరా ఎత్తేటప్పుడు ఎవరికీ చెప్పకూడదు, ఏడుపులు మొదలైతే ఆలస్యమవుతుందనేవాడు. నాకు పదేళ్లప్పుడు నాన్న చనిపోయాడు. నేను హాస్టల్‌కి వెళ్లాను, అన్న పనిలోకి. దరఖాస్తుల్లో ‘స్థిర నివాసం’ అనే మాట చూస్తే ఇప్పటికీ నా పెన్ను ఆగిపోతుంది.

నల్లగొండలో ఎనిమిదింటి ఎక్స్‌ప్రెస్ బస్సు ఎక్కితే పదిన్నరకు ఎంజీబీఎస్ బస్టాండ్. ఆడవాళ్లకు ఆధార్ చూపిస్తే చాలు, టికెట్‌కు డబ్బులక్కర్లేదు. చార్మినార్‌కు ఆటో ఎనభై రూపాయలు.

"గాజులకా అమ్మా? పదకొండు దాటితెగాని దుకాణాలు తెర్వరు," అన్నాడు డ్రైవరు.

"మా అన్న కోసం."

"అన్నకు గాజులా?" అని అద్దంలో నవ్వాడు.

అన్న లాడ్ బజార్ వెనక సందులో లక్క గాజులు చేస్తాడు. నా కోసం ఒక జత చేసి దాచాడు. వేసుకోబోతే బొటనవేలి దగ్గరే ఆగిపోయాయి. అన్నకు నా పదేళ్లప్పటి చెయ్యే గుర్తుంది.

"ఏంది శైలూ, గింత పెద్దగైనవ్," అంటూ వాటిని కుంపటి మీద వేడిచేసి, కర్రకు తొడిగి సాగదీశాడు.

"గది చూసిన అన్నా. ఇద్దరం ఉందాం. ఇగ యాడికీ పోవద్దు."

అన్న గాజులున్న కర్రను చల్లారడానికి గోడకు ఆనించాడు. "కూసో, చాయ్ తెస్త," అని లేచి, మేకుకున్న సంచి భుజాన వేసుకున్నాడు. నేను చూశాను. ఆపలేదు. మా ఇంట్లో ఎవరూ ఎవరినీ ఆపరు.

మూడు దాకా కూర్చున్నాను. కార్ఖానా నడిపే రహీం చాచా నా వైపు చూడకుండానే చెప్పాడు: "సంచి తీస్కపోయిండంటే ఇయ్యాల రాడు బేటీ. గిట్లనే పోతడు. నెలకో, రెన్నెల్లకో వస్తడు."

గాజులు వేసుకుని, చాచాకు చెప్పకుండానే మెట్లు దిగాను. సందు మలుపులో నా కాళ్లు ఆగిపోయాయి. పొద్దున హాస్టల్‌లో పక్క మంచం సుజాతకు కూడా చెప్పకుండానే వచ్చాను. వెనక్కి వెళ్లి, మలక్‌పేట చిరునామా రాసిన కాగితం చాచాకిచ్చాను. "అన్నకియ్యండి. పోయొస్త చాచా." ఇరవై ఒక్కేళ్లలో ఆ మాట అనడం అదే మొదలు.

నాలుగున్నరకు మలక్‌పేట చేరితే, ఓనరమ్మ ఎంతమంది అని అడిగింది. ఇద్దరమన్నాను. అన్న వస్తాడని నమ్మకం లేదు. వస్తే తట్టడానికో తలుపుండాలి కదా అనుకున్నాను, అంతే.

లాడ్ బజార్ వెళ్లేవాళ్లకు ఒక మాట: లక్క గాజు బిగుతుగా ఉంటే బలవంతంగా తొయ్యకండి, పగులుతుంది. చేసేవాళ్లనడిగితే వేడిచేసి సాగదీస్తారు. చల్లారేదాకా మాత్రం మీరక్కడే కూర్చోవాలి.