బలంలో రెండు తక్కువ

ఆ రోజుల్లో నాకు కోపం వచ్చిందంటే మా ఇంట్లోవాళ్ళు నా మొహం చూసేవారు కాదు, నా చేతికందే దూరంలో ఏమేం ఉన్నాయా అని చూసేవారు. గాజుగ్లాసులు, సిరాబుడ్డి, నాన్నగారు దిద్దుతున్న పరీక్ష పేపర్లు అన్నీ మెల్లిగా సర్దేసేవారు. మా ఊళ్ళో (రాజోలు నుంచి కాలవగట్టు మీద సైకిలు తొక్కితే అరగంట) నన్ను పేరు పెట్టి పిలిచినవాళ్ళకంటే "మిరపకాయ్" అని పిలిచినవాళ్ళే ఎక్కువ. వయసు మీదపడితే కోపం చల్లారుతుందంటారు. అదంతా ఉత్తమాట. మొన్న మా అమ్మాయి బెంగుళూరు నుంచి ఫోను చేసి, వాళ్ళ ఆఫీసులో బల్ల మీద ఆడుకునే కథల ఆటలు తయారుచేస్తున్నారనీ, అవి ఆడవాళ్ళకి నచ్చేలా ఎలా చెయ్యాలా అని పొద్దుటి నుంచి సాయంత్రం దాకా మీటింగు పెట్టారనీ చెప్పింది. "ఇంతకీ ఏం తేల్చారే?" అన్నాను. పెట్టెకి గులాబీ రంగు వేద్దామని తేల్చారట. ఫోను పెట్టేశాక కూడా ఆ గులాబీ రంగుని తిడుతూనే ఉన్నాను. ఎందుకంటే ఈ గొడవ నాకు కొత్త కాదు. నలభై ఏళ్ళ కిందట, నేను ఇంటరు పరీక్షలు రాసి ఖాళీగా ఉన్న వేసవిలో, ఇదే గొడవ మా ఇంటి బల్ల దగ్గర జరిగింది.

ఆ బల్ల గురించి ముందు చెప్పాలి. మా నాన్నగారు హైస్కూలు మాస్టారు. ఆయన పేపర్లు దిద్దుకోవడానికి చేయించుకున్న టేకుబల్ల వసారాలో ఉండేది. మగవాళ్ళు దానిమీద అన్నం తినేవారు, పేపరు చదివేవారు, మోచేతులు ఆనించి దేశాన్ని తిట్టేవారు. ఆడవాళ్ళం దాన్ని తుడిచేవాళ్ళం. కుర్చీలో కూర్చోవద్దని మాకెవరూ చెప్పలేదు, కూర్చోమనీ ఎవరూ చెప్పలేదు.

ఆ వేసవిలో మా బావ వైజాగ్‌లో ఇంజనీరింగు మూడో ఏడు ముగించుకుని వచ్చాడు. బావంటే మా మేనత్త కొడుకు. మామయ్య పోయాక అత్త మా పెరటి వెనక రెండుగదుల ఇంట్లో ఉండేది. బావ రావులపాలెంలో బస్సు దిగినప్పటి నుంచే ఒక నోట్సు గుండెకి హత్తుకుని ఉన్నాడు. హాస్టల్లో ఎవడి అన్నయ్యో ఓడలో పనిచేస్తూ విదేశాల నుంచి తెచ్చిన ఇంగ్లీషు ఆట పుస్తకాన్ని రాత్రింబవళ్ళు కూర్చుని చేత్తో ఎక్కించుకున్నాడట. (క్లాసు పాఠాలు అంత శ్రద్ధగా ఎక్కించుకుని ఉంటే రెండు సబ్జెక్టులు మిగిలేవి కావు.) ఆట ఏమిటంటే, ఒకడు కథ చెబుతాడు. మిగిలినవాళ్ళు తలా ఒక పాత్ర. కథ ఒక మలుపులో ఆపి "ఇప్పుడు నువ్వేం చేస్తావు?" అని అడుగుతాడు. నువ్వు చెప్పింది జరుగుతుందో లేదో నీ పాత్రకున్న బలం, తెలివి, నీ అదృష్టం కలిసి తేలుస్తాయి. వినగానే నాకు ఒళ్ళు పులకరించింది. పదిహేడేళ్ళొచ్చాయి, అప్పటిదాకా నన్నెవరూ అలా అడగలేదు.

బావ, అతని స్నేహితులిద్దరూ (ఒకడు పొడుగోడు, ఇంకోడు సోడాబుడ్డి కళ్ళజోడు) బల్ల ముందు కూర్చున్నారు. నేనూ ఒక కుర్చీ లాక్కుని కూర్చున్నాను. కొబ్బరిచిప్పలో ఒకటి నుంచి పది దాకా అంకెలేసిన చీటీలున్నాయి. బలానికి చీటీ తియ్యమన్నారు. నాకు తొమ్మిదొచ్చింది! పొడుగోడికి నాలుగు, సోడాబుడ్డికి ఐదు. నేను ఎగిరి గంతేసేలోపల బావ నోట్సు తిరగేసి గొంతు సవరించుకున్నాడు.

"ఆడమనిషికి బలం రెండు తగ్గించాలే. నీది ఏడు."

"ఎందుకు?"

"రూలు. కావాలంటే అందం రెండు కలుపుకో."

"నా అందంతో తలుపు బద్దలుకొట్టొచ్చా?"

"నువ్వు తలుపు కొట్టక్కర్లేదు. నువ్వు రాకుమారివి. రాక్షసుడు నిన్ను కోటలో పెట్టి తాళం వేసేడు. మేం వచ్చి విడిపిస్తాం."

"అప్పటిదాకా నేనేం చెయ్యాలి?"

"ఎదురుచూడాలి."

ఎదురుచూశాను. మధ్యాహ్నం రెండింటి నుంచి నాలుగున్నర దాకా! వాళ్ళు అడవిలో తోడేళ్ళతో పోట్లాడారు, వంతెన కట్టారు, వాళ్ళలో వాళ్ళు వాదించుకున్నారు. "ఇప్పుడు నువ్వేం చేస్తావు?" అని బావ వాళ్ళిద్దర్నీ యాభైసార్లు అడిగాడు, నన్ను ఒక్కసారి అడగలేదు. చివరికి నావైపు తిరిగి, "ఎలాగూ ఖాళీగానే ఉన్నావు గదా, టీ పెట్టుకు రావే" అన్నాడు.

నాకు ఆ తరవాత జరిగింది సరిగ్గా గుర్తులేదు. కొబ్బరిచిప్పా చీటీలూ వీధి కాలవలో కొట్టుకుపోవడం మాత్రం గుర్తుంది. బావ కూడా ఊరుకోలేదు. "అందుకే ఇది ఆడవాళ్ళకి ఎక్కే ఆట కాదు. చేతనైతే ఆడవాళ్ళు ఆడే ఆట ఒకటి నువ్వే కట్టు. రెండు ఆదివారాల్లోగా మీ ఆడవాళ్ళు కూర్చుని ఒక కథ చివరిదాకా ఆడితే ఈ బల్ల సెలవలయ్యేదాకా మీదే. లేకపోతే సెలవలయ్యేదాకా మా ముగ్గురికీ టీ నువ్వే" అన్నాడు. సరేనన్నాను. పళ్ళు ఎంత గట్టిగా కొరికానంటే మర్నాడు దవడ నొప్పెట్టింది.

వారం రోజులు రాశాను. నా ఆటలో అందరూ రాణులే, అందరికీ కత్తులే. బలం అందరికీ పది, చీటీ తియ్యక్కర్లేదు. మగ పాత్రలు రెండో పేజీ దాటి బతకలేదు. (ఒక రాజు నాలుగో పేజీ దాకా వచ్చాడుగానీ అది పొరపాటున.) చీటీల బదులు అష్టాచెమ్మా గవ్వలు పెట్టాను. ఆదివారం గుడి (చర్చిని మేం అలాగే అంటాం) అయ్యి, భోజనాలయ్యి, సాయంత్రం పొయ్యి వెలిగించేలోపల ఆడవాళ్ళకి దొరికే రెండు గంటల్లో అమ్మనీ, అత్తనీ, పక్కింటి నర్సమ్మగారినీ (సర్కారు ఆసుపత్రిలో నర్సు, ఊరంతటికీ ఆ పేరే) లోపల చాపమీద కూర్చోబెట్టాను. బల్ల ఇంకా మాది కాదు కదా.

"మీరు ముగ్గురూ మహారాణులు. కోటగుమ్మం దగ్గర రాక్షసుడున్నాడు. కత్తులు దూయండి!" అన్నాను.

"ఆయ్, అతనికి ఏం కష్టమొచ్చిందంటే గుమ్మంలో నిలబడ్డాడు?" అంది అమ్మ.

"కష్టం లేదమ్మా, రాక్షసుడు!"

"కాలు కుంటుతున్నాడాండీ? పుండేమైనా ఉందేమో కట్టు కడదాం" అన్నారు నర్సమ్మగారు.

అత్త మాత్రం, "కోట మీంచి దిగడానికి తాడుందా? ఎన్ని మూరలుంటాది?" అని అడిగింది.

"తాడు అక్కర్లేదు! నరకండి! మీకు బలం పది ఇచ్చాను, నరకండి!" అని అరిచాను.

"ఆదివారం పూట నరకడవేంటే" అంది అమ్మ నొచ్చుకుని. నర్సమ్మగారు రాక్షసుణ్ణి మజ్జిగ తాగుతాడేమో అడగమన్నారు. నేను నోట్సు నేలకేసి కొట్టి, "మీకోసం వారంరోజులు చచ్చేట్టు రాస్తే మీకు ఆడడం కూడా చేతకాదు" అన్నాను. ముగ్గురూ ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకుని లేచి వెళ్ళిపోయారు. కిటికీలో మూడు తలకాయలు ఇకిలిస్తున్నాయి. "పంచదార కాస్త ఎక్కువెయ్యవే" అన్నాడు బావ.

మర్నాడు సాయంత్రం ఏడుపుమొహంతో పెరట్లోకి వెళ్ళాను. అత్త కాలవలో నానబెట్టిన కొబ్బరి డొక్కల్ని బండమీద పెట్టి కర్రతో కొట్టి పీచు తీస్తోంది. మామయ్య పోయిన మర్నెలలో పట్టింది ఆ కర్ర. బావ వైజాగ్ చదువు ఆ పీచు మీదే నడుస్తోంది. కుళ్ళిన డొక్కల వాసన, ధనధనమని మోత. దాని మధ్యలో నేను నా గోడు వెళ్ళబోసుకున్నాను. అత్త దెబ్బ ఆపకుండానే వింది.

"ఒకమాట చెప్తాను, కోప్పడకమ్మా. ఎక్కడకెళ్ళినా మాతో ఇలా చెయ్యండి, అలా చెయ్యండి అనేవాళ్ళే. నిన్న నీ ఆటలోనూ అంతే. నరకండి, నరకండి. అన్నీ నువ్వే చెప్పేస్తే ఇంక మేం కూర్చోడం ఎందుకే?"

నాకు ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. "ఇలా ఇవ్వు, నేను కొడతాను" అని కర్ర లాక్కున్నాను. పద్దెనిమిదో దెబ్బకి భుజం పడిపోయింది. అత్త నవ్వి కర్ర తీసుకుని, ఆపకుండా చీకటిపడేదాకా కొట్టింది. నేను అక్కడే కూర్చుని లెక్కపెడుతూ లెక్కపెడుతూ వదిలేశాను. ఆడమనిషికి బలం రెండు తగ్గించాలి అని నోట్సులో ఎక్కించుకున్నవాడు ఈ చేతుల అన్నం తిన్నాడని తలుచుకుంటే, నాకు బావ మీద అప్పటిదాకా వచ్చింది కోపమే కాదనిపించింది. అసలు కోపం అప్పుడొచ్చింది.

రెండో ఆదివారం నోట్సు ఖాళీగా తీసుకెళ్ళాను. ముగ్గుర్నీ బతిమాలి కూర్చోబెట్టి, "గోదారి వరదమీదుంది. అవతల లంకదిబ్బ మీద ఒకామెకి నొప్పులొస్తున్నాయి. మీరు ఇవతల రేవులో ఉన్నారు. ఇప్పుడు మీరేం చేస్తారు?" అని నోరు మూసుకున్నాను. నా జీవితంలో అంతసేపు నోరు మూసుకోవడం అదే మొదలు, ఇప్పటికి అదే ఆఖరు కూడా.

ముగ్గురూ నా ఖాళీ నోట్సు వైపు చూశారు. ఉన్నట్టుండి నర్సమ్మగారు, "ఎన్నో నెలండీ ఆవిడకి?" అన్నారు. అంతే, మరి ఆగలేదు. నర్సమ్మగారు సంచి సర్దారు. అమ్మ వేడినీళ్ళకి కట్టెలు తడవకుండా ఎలా తీసుకెళ్ళాలో ఆలోచించింది. అత్త ఇవతల రేవులో కొబ్బరిచెట్టుకి తాడు కట్టి, దాని కొస నడుముకి చుట్టుకుని పడవ తోస్తానంది. ఏ తాడు ఎంత లాగుడుకి తెగుతుందో చెప్పి నాచేత రాయించింది. "ఆ రాక్షసుడు ఖాళీగానే ఉన్నాడు గదా, పాపం, తెడ్డు వెయ్యమను" అంది అమ్మ. రాక్షసుణ్ణి పిలిపించాను. గవ్వలు వేసిన ప్రతిసారీ ముగ్గురూ ఊపిరి బిగబట్టారు. సుడిగుండంలో ఒక కట్టెలమోపు పోతే అమ్మ నిజంగానే "అయ్యో" అని నోరు నొక్కుకుంది.

పాత్రకి పేరు పెట్టాలి కదా. అమ్మ సిగ్గుపడుతూ ఏదో రాణి పేరు చెప్పింది. అత్త తలొంచుకుని తన సొంత పేరే చెప్పింది. ఆ పేరు ఇంట్లో ఎవరూ పిలవగా నేను వినలేదు. వదిన, అత్త, ఫలానావాడి తల్లి, అంతే. బలానికి గవ్వలు వెయ్యమంటే, "గవ్వలెందుకే, పది రాసుకో" అంది. ఆట మొత్తంలో అంతకు మించిన అంకె లేదు. రాసుకున్నాను.

పొద్దువాలాక అమ్మ ఒక్క పరుగున వెళ్ళి అన్నం పొయ్యెక్కించి వచ్చి కూర్చుంది. పడవ నడిగోదారిలో ఉండగా మాడువాసన వచ్చింది. అన్నం! నలుగురు ఆడవాళ్ళం ఉన్న ఇంట్లో అన్నం మాడిపోయింది, లేచిన మనిషి లేదు. ఆకలికి ఆగలేక బావా స్నేహితులూ లోపలికొచ్చారు. ఎవరూ తలెత్తి చూడలేదు. తాడు ఒక పోగు తెగింది, అత్త గవ్వలు ఊపుతోంది. బావ కాసేపు గుమ్మంలో నిలబడి, తరవాత చతికిలబడి, "నేను కూడా రావచ్చా?" అన్నాడు.

అత్త గవ్వలు గుప్పిట్లోనే పట్టుకుని అతని వైపు తిరిగింది. "మీ ఆటలో ఆడమనిషికి బలం రెండు తగ్గుతాదంట గదా. పిల్ల చెప్పింది. ఎందుకురా?"

"అదీ... ఇంగ్లీషు పుస్తకంలో అలా ఉందమ్మా."

"ఆ పుస్తకం రాసినాయన ఎప్పుడైనా పీచు కొట్టేడా?"

గొంతు పెంచలేదు. నవ్వనూ లేదు. బావ చెవులు ఎర్రగా కందిపోయాయి. నేను గెలిచిన సంతోషంతో, "రాకుమారి పాత్ర ఖాళీగా ఉంది. కూర్చుని ఎదురుచూడు" అన్నాను. బలం ఐదు రాసుకున్నాను, నిజంగానే కూర్చున్నాడు. లంకలో బిడ్డ పుట్టేదాకా నోరెత్తలేదు. (ఆడపిల్ల. గవ్వలు అలా పడ్డాయి, నేను కల్పించుకోలేదు.) మర్నాడు మాడన్నం గిన్నె పొడుగోడు తోమాడు. సెలవులయ్యేదాకా ఆ ముగ్గురాడవాళ్ళూ మధ్యాహ్నాలు టేకుబల్ల ముందు కుర్చీల్లో కూర్చున్నారు. నాన్నగారు పేపర్లు అరుగుమీద దిద్దుకున్నారు.

(ఆ బావనే పెళ్ళి చేసుకున్నారా అని అడక్కండి. చేసుకున్నాను. ఎవరి బలం రెండు తగ్గిందో మా పక్కింటివాళ్ళు చెబుతారు.)

మా అమ్మాయి ఫోను పెట్టేశాక ఆ పాత నోట్సు వెతికి తీశాను. అత్త పోయి తొమ్మిదేళ్ళయింది. ఆవిడ పేజీలో పైన ఆవిడ పేరుంది, నా చేతిరాతలో. పక్కన బలం పది. ఆ పదిని ఎవరో కొట్టేసి పన్నెండు చేశారు, అది బావ చేతిరాత. పక్క పేజీలో రాకుమారికి ఐదుండాల్సిన చోట మూడుంది. ఆ ఆదివారం ఎప్పుడో, ఎవరికీ చెప్పకుండా, తన పాత్రలోంచి రెండు తీసి వాళ్ళమ్మ పాత్రకి కలిపాడన్నమాట. ఆ పన్నెండు మీద కూడా ఎర్రసిరాతో అడ్డగీత ఉంది. మళ్ళీ పది అని ఉంది. అది చూశాక అంతా గుర్తొచ్చింది. మర్నాడు పొద్దున్న ఆ అంకె చూసి నేను మండిపడ్డాను. పదికి మించకూడదని నా రూలు! నా ఆటలో వీడెవడు వేలుపెట్టడానికి అని, నాన్నగారి ఎర్రకలం తీసుకుని బర్రున గీశాను. అత్త పక్కనే ఉండి చూసి, పెరట్లోకి పీచు కొట్టుకోవడానికి వెళ్ళిపోయింది.

ఆ వేసవిలో అత్త బలంలోంచి రెండు తగ్గించింది నేనన్నమాట. బావ మీద అరుస్తూ, ఊళ్ళో ఆడవాళ్ళందరి తరఫునా పోట్లాడుతున్నానని విర్రవీగుతూ, నా చేత్తో నేను తగ్గించాను. ఆ మిరపకాయని తలుచుకుంటే నవ్వొచ్చింది, నవ్వులోనే కళ్ళు తడిశాయి. కలం తెచ్చుకుని పదిని కొట్టేసి, మళ్ళీ పన్నెండు రాశాను. నా భుజం మీంచి బావ తొంగిచూశాడు. వంటింట్లోకి వెళ్ళి టీకి నీళ్ళు పెట్టాడు.