నీళ్లు మానుకున్న శ్యామలమ్మ

ఊరి చివర మిలిటరీ క్యాంపు దిగినప్పటి నుంచి శ్యామలమ్మ నీళ్లు తాగడం మానుకుంది. ఆడవాళ్లు చెంబు పట్టుకుని వెళ్లే తుమ్మచెట్ల పక్కనే ఇప్పుడు సిపాయిల గుడారాలు. భర్త దొరల మీద తిరగబడ్డ సంఘంలో చేరి అడవి పట్టాడని ఆ ఇంటి మీద వాళ్లకు కన్ను. పొద్దంతా గుక్కెడు నీళ్లతో గొంతు తడుపుకుని, పొత్తికడుపు బిగబట్టి, గోడ పట్టుకుని నడిచేది. నెల తిరక్కుండానే ఉచ్చలో మంట మొదలైంది. బొట్టుబొట్టుకూ కొంగు నోట్లో కుక్కుకునేది.

నల్లగొండ నుంచి వచ్చిన కంపౌండర్ లింగస్వామి సల్ఫా గోలీలు ఇచ్చాడు. "వారం దినాలు ఇడువకుండ మింగాలె అక్కా. గోలీకో చెంబెడు నీళ్లు తాగాలె. లేకుంటే గీ మందే లోపల గడ్డకడ్తది."

"తాగినంక యాడికి పోవాలె తమ్మీ?"



మర్నాడు శ్యామలమ్మ ఇంట్లో ఖాళీ గరిసె పక్కన గడ్డపారతో గుంట తవ్వింది. అత్త కృష్ణమ్మ నెత్తి కొట్టుకుంది. "వడ్లు పోసే జాగల గదేం పని!"

"వారం దినాలే అత్తా. నేను బతకాలె."

వారానికి మంట పోయింది. ఎనిమిదో రోజు గుంటలోకి మట్టి లాగబోతుంటే అత్త వచ్చి చెయ్యి పట్టుకుంది.

"పూడ్సకు బిడ్డా," అంది మెల్లగా. ఆమె రెండో చేతిలో చెంబు ఉంది.